మ్యాప్‌లోని గీత భూమిలోకి ఎలా దిగుతుంది? జీఐఎస్ డేటా నుంచి త్రీడీ భూగర్భ మోడల్ దాకా

విజయవాడ ఇంద్రకీలాద్రి చుట్టూ జియోలాజికల్ మ్యాప్‌లో ఒక గీత ఉంటుంది. గీతకు లోపల కొండ రాయి, బయట కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. మ్యాపులను కంప్యూటర్‌లో దాచి చూపే జీఐఎస్‌లో ఆ గీత మీద క్లిక్ చేస్తే రాయి పేరు, వయసు, విస్తీర్ణం అన్నీ తెర మీదికి వస్తాయి. వన్‌టౌన్‌లో ముప్పై మీటర్లు తవ్వితే అదే రాయి తగులుతుందా, తగిలితే ఎంత లోతులో తగులుతుంది అన్నది మాత్రం రాదు. త్రీడీ జియోలాజికల్ మోడల్ కట్టేది సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు కోసమే.

ఇది కాలేజీ ప్రాజెక్టులకే పరిమితమైన వ్యవహారం కాదు. 2024 ఆగస్టు 31న భారీ వర్షానికి మొగల్రాజపురంలో కొండ విరిగి ఇళ్ల మీద పడింది, మనుషులు చనిపోయారు. కొండవాలు కింద రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయో తెలిస్తే ఏ ఇళ్లకు ప్రమాదం ఎక్కువో ముందే అంచనా వేయొచ్చు. బహుళ అంతస్తుల పునాదులకైనా, డెల్టాలో ఉప్పునీరు ఎంత దూరం చొచ్చుకొచ్చిందో చూడడానికైనా కావాల్సింది భూమి లోపలి రూపమే. మ్యాపులకు కొరత లేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తన భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 స్కేలు మ్యాపులను షేప్‌ఫైళ్లుగా (గీతలు, హద్దులు, వాటి పట్టిక ఉండే జీఐఎస్ ఫైళ్లుగా) ఇస్తోంది. అందుకే చాలామంది ఫైలు దించుకుంటారు, మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ నొక్కుతారు, రంగురంగుల బొమ్మ రాగానే సగం పని అయిపోయిందనుకుంటారు.

నిజానికి అప్పటికి పని మొదలే కాలేదు. ఫైలులో ఉన్నది గీతలే. ఏ గీత దేన్ని చెబుతోందన్నది మ్యాపు గీసిన జియాలజిస్టుకు తెలుసు, మ్యాపు అంచున ఉన్న వివరణ పట్టికలో కొంత ఉంటుంది, షేప్‌ఫైలులో చాలా కొద్దిగా ఉంటుంది. ఆ అర్థాన్ని మనమే తిరిగి చేర్చి పంపాలి.

ముందు చోటు సరిగ్గా కూర్చోవాలి

జీఐఎస్ డేటా చాలావరకు అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది. విజయవాడ అంటే 80.6, 16.5. త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి డిగ్రీ అంటే ఏమిటో తెలియదు, ఏ అంకె ఇచ్చినా మీటర్లుగానే తీసుకుంటాయి. అప్పుడు నగరమంతా అర మీటరు కూడా లేని గడిలోకి ముడుచుకుపోతుంది. ఎత్తులు మాత్రం మీటర్లలోనే ఉంటాయి కాబట్టి ఇంద్రకీలాద్రి సూదిలా నిలబడుతుంది. అలాంటి బొమ్మ వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, యూనిట్లు కలవలేదు.

భూమిని జోన్లుగా విడదీసి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి యూటీఎం. మనకు సరిపోయేది అందులో 44 ఉత్తర జోన్, దాన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఈపీఎస్‌జీ కోడ్ 32644. ఇందులో విజయవాడ తూర్పు విలువ సుమారు 4 లక్షల 59 వేల మీటర్లు, ఉత్తర విలువ 18 లక్షల 25 వేల మీటర్ల దగ్గర పడుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, డేటా తెరవగానే తప్పుంటే కంటికి తెలిసిపోతుంది. 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశాల మధ్యది. అనంతపురం 43లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. రాష్ట్రం మొత్తానికి ఒకే ఫైలు దొరికితే అది ఏ జోన్‌లో ఉందో చూసుకోకుండా వాడకూడదు.

ఇక్కడే ఎక్కువమంది జారే మెట్టు ఒకటుంది. ఉచిత జీఐఎస్ ప్రోగ్రామ్ క్యూజీఐఎస్‌లో లేయర్‌కు ప్రొజెక్షన్ (చోటును అంకెల్లో చెప్పే పద్ధతి) 'కేటాయించడం' వేరు, లేయర్‌ను 'రీప్రొజెక్ట్' చేయడం వేరు. కేటాయిస్తే అంకెలు మారవు, వాటి మీద చీటీ మాత్రమే మారుతుంది. రీప్రొజెక్ట్ చేస్తే అంకెలే కొత్తగా లెక్కకట్టబడతాయి. డిగ్రీల్లో ఉన్న ఫైలుకు 32644 అని చీటీ అంటించి పంపితే సూది బొమ్మే వస్తుంది. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ పక్కనున్న, ప్రొజెక్షన్ వివరం ఉండే పీఆర్‌జే ఫైలు చదివి సర్దుకుంటుందిలే అనే నమ్మకం కూడా వద్దు. జీఐఎస్‌లోనే అన్ని లేయర్లనూ ఒకే కోఆర్డినేట్ సిస్టమ్‌లోకి మార్చి, మార్చినవాటినే బయటికి తీయాలి.

పాత టోపోషీట్లను స్కాన్ చేసి గీసుకున్న గీతలతో ఇంకో చిక్కు వస్తుంది. ఆ షీట్లు ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ అనే పాత భూమి నమూనా మీద తయారైనవి. 2005 జాతీయ మ్యాప్ విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నమూనా మీద ఉంటాయి. ఈ రెంటి మధ్య మార్పు సరిగ్గా చేయకపోతే మన ప్రాంతంలో గీతలు రెండు వందల మీటర్ల దాకా పక్కకు జరుగుతాయి. హైదరాబాద్ హైవే మీద పొలం గట్టు జరిగితే ఎవరూ గమనించకపోవచ్చు. ఇంద్రకీలాద్రి దగ్గర అయితే కొండ అడుగు గీత ఆగ్నేయానికి జరిగి కృష్ణలోకి దిగిపోతుంది.

చిన్న విషయమే అయినా ఇంకొకటి చెప్పాలి. 18 లక్షల లాంటి పెద్ద అంకెలను కొన్ని ప్రోగ్రాములు తక్కువ కచ్చితత్వంతో దాచుకుంటాయి. అప్పుడు బిందువులు 12 సెంటీమీటర్ల మెట్లలో కదులుతాయి, తెర మీద ఉపరితలం వణుకుతున్నట్టుంటుంది. అన్ని విలువల్లోంచీ ఒకే స్థిరాంకం తీసేసి పనిచేసుకుని చివర్లో కలిపితే సరిపోతుంది.

ఎత్తు: ఏ సున్నా నుంచి?

మ్యాపులోని గీతకు ఎత్తు ఉండదు. నేల ఎత్తులను గడులుగా చెప్పే డిజిటల్ ఎలివేషన్ మోడల్ మీద పరిచి ఎత్తు ఇవ్వాలి. క్యూజీఐఎస్‌లో 'డ్రేప్' అనే పనిముట్టు ఉన్నది ఇందుకే. అది గీతలోని మలుపు బిందువులకు మాత్రమే ఎత్తు ఇస్తుందని గుర్తుంచుకోవాలి. రెండు బిందువులు నాలుగు వందల మీటర్ల దూరంలో ఉండి మధ్యలో గుట్ట ఉంటే, గీత గుట్టను దాటదు, గుట్టలోంచి దూసుకుపోతుంది. కాబట్టి ముందు గీత పొడవునా ముప్పై మీటర్లకొక బిందువు చేర్చి ఆ తర్వాత డ్రేప్ చేయాలి. మనకు ఉచితంగా దొరికే ఎలివేషన్ డేటాలో గడి పరిమాణం ఎక్కువగా 30 మీటర్లే, అంతకన్నా దగ్గరగా బిందువులు పెట్టి ప్రయోజనం లేదు.

దీనికన్నా పెద్ద చిక్కు సున్నా దగ్గర ఉంది. విజయవాడలో నది గట్టు మీద మంచి డీజీపీఎస్ (ఉపగ్రహాలతో చోటు కొలిచే పరికరం) పెట్టి ముడి రీడింగ్ తీసుకుంటే ఎత్తు మైనస్‌లో వస్తుంది. పరికరం బాగానే ఉంది. ఉపగ్రహాలు చెప్పే ఎత్తు భూమి గణిత రూపమైన ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినది. మనం మాట్లాడుకునే ఎత్తు సముద్ర మట్టం నుంచి. భారత్‌కు దక్షిణాన, శ్రీలంక దిగువన హిందూ మహాసముద్రంలో, ప్రపంచంలోనే అతి లోతైన జియాయిడ్ (సముద్ర మట్టపు తలం) పల్లం ఉంది. ఆ ప్రభావంతో మన దగ్గర సముద్ర మట్టపు తలం ఎలిప్సాయిడ్‌కు డెబ్బై, ఎనభై మీటర్లు కింద ఉంటుంది. అందుకే సముద్ర మట్టానికి ఇరవై మీటర్ల పైన ఉన్న వీధి కూడా ఎలిప్సాయిడ్ లెక్కలో మైనస్ యాభై దాటిపోతుంది.

నాసా ఎస్ఆర్‌టీఎం ఎలివేషన్ డేటాలోని ఎత్తులు ఈజీఎం96 అనే జియాయిడ్ నుంచి లెక్కించినవి, అంటే దాదాపు సముద్ర మట్టం నుంచి. ఇస్రో పోర్టల్ భువన్‌లో దొరికే కార్టోడెమ్ ఎలివేషన్ డేటా ఎత్తులు ఎలిప్సాయిడ్ నుంచి. నేలను ఒకదానితో, బోర్ల ఎత్తులను ఇంకోదానితో నింపితే బోర్లన్నీ ఆకాశంలో వేలాడతాయి, లేదా నేలలో డెబ్బై మీటర్ల కింద మొదలవుతాయి. తేడా అంత ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. కొన్ని బోర్లు ఒక రకం, కొన్ని ఇంకో రకం అయినప్పుడే అసలు ప్రమాదం. చూసేవాళ్లు మధ్యలో ఏదో పెద్ద ఫాల్ట్ (రాళ్లు విరిగి జరిగిన చీలిక) ఉందనుకుంటారు. ఎత్తు ఏ సున్నా నుంచో ప్రతి ఫైలుకూ రాసిపెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు.

డెల్టా వైపు వెళ్తే నేల చాలా సమతలం. తెనాలి నుంచి రేపల్లె వైపు వాలు ఎంత తక్కువంటే, ఉపగ్రహ ఎలివేషన్ డేటాలో ఉండే సహజమైన తప్పు ఆ వాలుకన్నా పెద్దది. పైగా ఆ డేటాలో చాలావరకు కొబ్బరి తోటల తలలు, మేడల పైకప్పులు కూడా నేలగానే నమోదవుతాయి. అక్కడ డ్రేప్ చేసిన గీతల మెలికలను రాతి రూపంగా చదవకూడదు.

గీతల్లో రకాలు

అసలు విషయం ఇక్కడుంది. బీరువాలో మడతపెట్టి పేర్చిన చీరల్లో మనకు కనిపించేవి అంచులే. మ్యాపులో రెండు రాళ్లు కలిసేచోట గీసే కాంటాక్ట్ గీత కూడా అంతే, భూమిలోకి వెళ్లే ఒక తలం నేలను తాకినచోట కనిపించే అంచు. మోడల్‌కు కావాల్సింది తలం.

షేప్‌ఫైలులో రాళ్లు పాలిగన్లుగా (మూసిన హద్దు ఉన్న ఆకారాలుగా) ఉంటాయి. పాలిగన్ హద్దుల్లో పనికొచ్చే గీతలూ ఉంటాయి, పనికిరానివీ ఉంటాయి. రెండు రాతి పొరల మధ్య నిజమైన కాంటాక్ట్ ఉంటుంది. ఫాల్ట్ వెంట తెగిన హద్దు ఉంటుంది. ఒండ్రు కప్పేయడం వల్ల ఆగిపోయిన అంచు ఉంటుంది. జియాలజిస్టు రాయిని చూడకుండా అంచనాతో చుక్కల్లో గీసినది ఉంటుంది. చెరువు గట్టు ఉంటుంది. చివరికి మ్యాపు షీటు అంచు కూడా ఉంటుంది. కంప్యూటర్‌కు ఇవన్నీ ఒకటే.

షీటు అంచు సంగతి విజయవాడ వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో 65డి/10, 65డి/11 కలిసేది 16 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం దగ్గర. ఆ రేఖ నగరం మధ్యలోంచి, బెంజ్ సర్కిల్ దగ్గర్లోంచి పోతుంది. రెండు షీట్లను వేర్వేరు కాలాల్లో వేర్వేరు బృందాలు మ్యాపు చేసి ఉంటే, ఒకే ఒండ్రుకు రెండు కోడ్‌లు ఉండొచ్చు. రెంటినీ కలిపి అలాగే పంపితే తూర్పు పడమరలుగా నిటారైన గోడ ఒకటి మోడల్‌లో లేస్తుంది. ప్రకృతి అంత తిన్నటి గీత గీయడం అరుదు. అలాంటిది కనిపిస్తే ముందు షీటు అంచునే అనుమానించాలి. వివరణ పట్టికలోని కోడ్‌లు ఒకటి చేసి, పాలిగన్లు కలిపేసి, ఆ తర్వాతే గీతలు తీయాలి.

పాలిగన్లను గీతలుగా మార్చినప్పుడు పక్కపక్క పాలిగన్ల ఉమ్మడి హద్దు రెండుసార్లు వస్తుంది. ఒకదాన్ని తీసేయాలి. మిగిలిన ప్రతి గీతకూ పట్టికలో కొన్ని నిలువు వరుసలు నింపాలి: ఇది ఏ రకం గీత, దీనికి పైనున్న యూనిట్ (ఒకటిగా లెక్కించే రాతి భాగం) ఏది, కింద ఏది, చూసి గీసిందా, ఊహించి గీసిందా. షేప్‌ఫైలులో నిలువు వరుస పేరు పది అక్షరాలు దాటితే తెగిపోతుంది, తెలుగు పేర్లు పెడితే కొన్ని ప్రోగ్రాముల్లో ప్రశ్న గుర్తులుగా మారతాయి. చిన్న ఇంగ్లిష్ కోడ్‌లు వాడి, వాటి అర్థం వేరే కాగితంలో పెట్టుకోవడం మేలు. విసుగు పుట్టించే పని ఇది. అయినా మోడల్ నాణ్యత మొత్తం ఇక్కడే తేలుతుందని నా గట్టి అభిప్రాయం.

వాలు ఎక్కడినుంచి వస్తుంది? కొన్నిచోట్ల గీతే చెబుతుంది. ఒక కాంటాక్ట్ కొండ పక్కన 120 మీటర్ల ఎత్తులో ఒకచోట, 80 మీటర్ల ఎత్తులో ఇంకోచోట కనిపించిందనుకుందాం. స్ట్రైక్‌కు (తలం మీద ఎత్తు మారకుండా సాగే దిశకు) అడ్డంగా కొలిస్తే ఆ రెండింటి మధ్య అడ్డదూరం 70 మీటర్లు. నలభైని డెబ్బైతో భాగిస్తే 0.57, అది దాదాపు 30 డిగ్రీల వాలుకు టాంజెంట్. కొండలూ లోయలూ ఉన్నచోట గీత వంపుల్లోనే తలం వాలు దాగి ఉంటుంది. నేల చదునుగా ఉన్నచోట గీత ఏమీ చెప్పదు, ఫీల్డులో కొలిచిన స్ట్రైక్, డిప్ (వాలు కోణం) కావాలి.

ఆ కొలతల్లోనూ మెలిక ఉంది. తూర్పు కనుమల రాళ్లలో ఫోలియేషన్ (ఒత్తిడికి ఖనిజాలు వరుసదీరి ఏర్పడిన పలకలు) మొత్తంగా ఈశాన్య నైరుతి దిశలో సాగి, ఎక్కువచోట్ల ఆగ్నేయానికి వాలుతుంది. ఒక జియాలజిస్టు దాన్ని స్ట్రైక్ 45 అని రాస్తారు. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు అడిగేది స్ట్రైక్ కాదు, వాలిన దిశ, అంటే 135. పట్టికలోని 45నే ఆ గడిలో పడేస్తే రాళ్లన్నీ ఈశాన్యానికి వాలిపోతాయి, మొత్తం నిర్మాణం తొంభై డిగ్రీలు తిరిగిపోతుంది. ఏ లోపమూ లేనట్టు అందమైన మోడలే వస్తుంది, తప్పుగా. మొగల్రాజపురం లాంటి చోట ఈ తేడాకు విలువ ఎంతో చెప్పక్కర్లేదు. రాతి తలాలు వాలు బయటికి దిగుతున్నాయా, కొండలోపలికి దిగుతున్నాయా అన్నదాని మీదే కదా అక్కడ జారుడు ఆధారపడేది.

పల్నాడు ఒక తీరు, బెజవాడ కొండలు ఇంకో తీరు

ఒకప్పటి ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనే ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి రెండు మంచి ఉదాహరణలున్నాయి. పిడుగురాళ్ల, మాచర్ల వైపు నర్జీ సున్నపురాయి, దానితో పాటు ఇతర అవక్షేప శిలలు పొరలు పొరలుగా ఉంటాయి. ఏది ముందు ఏర్పడింది, ఏది తర్వాత అన్న వరుస ఉంటుంది. త్రీడీ మోడలింగ్ పద్ధతులు చాలావరకు ఇలాంటి నేల కోసమే పుట్టాయి. కాంటాక్ట్ గీతలు, కొన్ని డిప్ కొలతలు, పొరల వరుస ఇస్తే మోడల్ త్వరగానే ఒక రూపానికి వస్తుంది. ఆచెన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉచిత ప్రోగ్రామ్ జెమ్‌పై ఒక్కో తలానికి కనీసం రెండు బిందువులు, ఒక్కో శ్రేణికి (కలిపి లెక్కించే పొరల గుంపుకు) కనీసం ఒక వాలు కొలత ఉంటే లెక్క మొదలెట్టేస్తుంది. లూప్ బృందం తయారుచేసిన మ్యాప్‌2లూప్ అయితే జీఐఎస్ మ్యాపులోంచి కాంటాక్టులు, ఫాల్టులు, పొరల వరుస తనే ఏరుకుంటుంది. అయితే మ్యాపు పట్టికలు శుభ్రంగా ఉంటేనే.

ఇలాంటి ప్రోగ్రాములు లోపల చేసేది కొంచెం తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. అవి గీతను కిందికి పొడిగించవు. మొత్తం ఘనపరిమాణమంతటా ఒక అంకెల క్షేత్రాన్ని లెక్కకడతాయి. ఒక కాంటాక్ట్ మీది బిందువులన్నిటికీ ఒకే విలువ వచ్చేలా, కొలిచిన వాలు ప్రకారం ఆ విలువ మారేలా సర్దుతాయి. ఆ విలువ ఉన్న చోట్లన్నీ కలిపితే తలం. అందువల్ల ఒక్క తప్పు బిందువు తన చుట్టుపక్కలతో ఆగకుండా దూరంగా ఉన్న తలాన్ని కూడా వంచేస్తుంది.

ఇప్పుడు బెజవాడ వైపు రండి. ఖొండలైట్లు, చార్నకైట్లు అధిక వేడి, ఒత్తిడిలో రూపం మారిన రాళ్లు. వాటిలో కనిపించే ఫోలియేషన్ పొర వాలు కాదు. దాన్ని పొర వాలుగా సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది భక్తిగా పొరలు కట్టేస్తుంది. ఇక్కడ పొరల వరుస అడిగే గడిలో బలవంతంగా ఏదో నింపడం కన్నా, పునాది రాయి మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుని, ఫోలియేషన్, పగుళ్లను వేరే సమాచారంగా ఉంచడమే నిజాయితీ. నగరానికి అవసరమైన ముఖ్య తలం కూడా ఒకటే: ఒండ్రు ఎక్కడ ఆగి రాయి ఎక్కడ మొదలవుతోంది.

ఆ తలం పాతకాలపు నేల. ఇప్పుడు మనకు కనిపించే గుట్టలు ఒండ్రులోంచి తలెత్తిన కొండల పైభాగాలు, వాటి వాలులూ లోయలూ కింద పూడి ఉన్నాయి. అందుకే ఒండ్రును కింది రాళ్లన్నిటినీ కోసుకుంటూ కూర్చునే యూనిట్‌గా చెప్పాలి. కొండ అడుగు గీత ఒక్కటే ఇస్తే సాఫ్ట్‌వేర్ కొండవాలునే అలా కిందికి లాక్కుపోయి, అర కిలోమీటరు దూరంలోనే వందల మీటర్ల ఒండ్రు చూపించొచ్చు. దాన్ని ఆపగలిగేవి బోర్లే.

బోరు వేసినవాడి మాట

మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌కు బోరు అంటే కనీసం రెండు పట్టికలు: బోరు ఎక్కడుంది, ఏ లోతు నుంచి ఏ లోతు దాకా ఏముంది. వాలుగా తవ్వినదైతే దాని దిశ చెప్పే ఇంకో పట్టిక. మన దగ్గర ఇళ్లకూ పొలాలకూ వేసిన బోర్ల సమాచారం చాలావరకు కాగితం మీద, అడుగుల్లో ఉంటుంది. 300 అడుగులంటే 91.44 మీటర్లు. అడుగులు మీటర్లుగా పడితే రాయి మూడు రెట్లు లోతుకు పోతుంది. రిగ్గు వాళ్లు చెప్పే నల్లరేగడి, సుద్ద, ఇసుక, గుల్ల రాయి, గట్టి రాయి అనే మాటలను చులకన చేయొద్దు. గుల్ల రాయి అంటే శిథిలమైన రాయి, దాని కింద గట్టి రాయి. పునాదులకు ఈ రెంటి మధ్య తేడాయే కీలకం. వాళ్ల మాటలను ఒక నిలువు వరుసలో ఉన్నవున్నట్టు ఉంచి, పక్క నిలువు వరుసలో మన కోడ్ రాసుకుంటే తర్వాత ఎవరైనా సరిచూసుకోవచ్చు.

డెల్టాలో ఫిల్టర్ పాయింట్ బోర్లు ఎక్కువ. ఇసుకలో నీళ్లు పడగానే అవి ఆగిపోతాయి, రాయిని తాకవు. ఇలాంటి బోరు చివరి లోతును రాయి పైభాగంగా నమోదు చేస్తే మోడల్‌లో లేని కొండ లేస్తుంది. అలాగని ఆ బోర్లను పారేయకూడదు. 'కనీసం ఇంత లోతు దాకా రాయి లేదు' అన్న సమాచారం వాటిలో ఉంది. మోడల్ తలం ఆ అడుగుకన్నా పైన వచ్చిన ప్రతిచోటా తలం తప్పు. సాఫ్ట్‌వేర్ ఈ రకం షరతును నేరుగా తీసుకోకపోతే, తలం కట్టాక ఒక్కో బోరునూ చేత్తో సరిచూడాలి.

ఎంత వివరంగా కట్టాలి అన్నదానికి మ్యాపు స్కేలే హద్దు. 1:50,000లో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద 25 మీటర్ల పట్టీ. దాన్ని జూమ్ చేసి మీటరు గడులతో మోడల్ కడితే కచ్చితత్వం పెరగదు, కచ్చితంగా ఉన్నట్టు కనిపిస్తుంది అంతే. ఒక అపార్టుమెంటు పునాది ఎక్కడ వేయాలో ఈ స్కేలు మోడల్ చెప్పకూడదు. ఏ వీధుల్లో ముందుగా బోర్లు వేసి పరీక్షించాలో చెప్పగలదు, అదీ చిన్న సాయం కాదు.

మోడల్ తయారయ్యాక దాని చుట్టూ తిప్పి చూసి మురిసిపోయే ముందు, మొదటే పక్కన పెట్టిన నాలుగైదు బోర్లను బయటికి తీయండి. వాటిని మోడల్‌కు చూపించకుండా దాచి ఉంచాలి. ఆ బోర్ల దగ్గర మోడల్ చెప్పిన రాతి లోతును, బోరులో నిజంగా తగిలిన లోతుతో పోల్చండి. తేడా ఐదారు మీటర్లు ఉందా, యాభై ఉందా? వచ్చిన తేడాను మోడల్‌తో పాటే, అందరికీ కనిపించేలా, అదే తెర మీద రాసి ఇవ్వాలి. ఆ అంకె లేకుండా చేతులు మారిన త్రీడీ బొమ్మను మున్సిపల్ ఇంజనీరు ఎంతవరకు నమ్మాలో తేల్చుకోలేరు.